జాలీపని నమూనాల చరిత్రము

గోలకొండ రాజ్యము నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550–1580) పేర వెలసినది యీ యిబ్రహీంపట్నము. ఊరి పేరు చెప్పగానే యెల్లరకు పెద్ద చెఱువు జ్ఞప్తికి వచ్చును. ఆ ప్రభువును మన తెలుగు కవులు మల్కిభరాముడని గౌరవముతో బిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకిత మిచ్చెను. ప్రభువు పేరు ఊరికి నిలిచినది. కవి పేరు కావ్యమునకు నిలిచినది. ఆ కాలమున ఈ సీమలో తలుపులను, తేరులను, పల్లకీలను జేసిన వడ్రంగి పేరు మాత్రము మనకు దొరకదు. పేరు పోయినందులకు మన పెద్దలు విచారించినవారు కారు. పని నిలిచిన జాలునని యనుకొనిరి. కాని పేరుతోబాటు పని వెనుకనున్న నమూనాయు బోయినది. విచారింపదగిన దిదియే.

వడ్రంగము సముద్రము వంటిది. దాని నంతను ఈ చిన్న వ్యాసమున దెలుప సాధ్యము కాదు. అందులో నొక్క పాయను మాత్రము, అనగా సన్నని రంపముతో పలకను దొలిచి పూవులను, తీగెలను, పక్షులను, అక్షరములను దీర్చు జాలీపనిని గైకొని, దాని నమూనాలు ఏ దేశమున నెట్లు పంచబడినవో, మనలో నెట్లు దాచబడినవో, దానివలన నేమి ఫలము గలిగినదో సోదరులకు, పోషకులకు మనవి చేయుట నా యుద్దేశము.

పని తీరు

ఈ విద్య నెఱుగని పోషకుల కొఱకు దీని తీరు కొంచెము చెప్పవలసియున్నది. విల్లువలె వంగిన యినుప చట్రమునకు దారమంత సన్నని బ్లేడును బిగింతురు. కాగితముపై వ్రాసిన నమూనాను పలుచని జిగురుతో పలకపై నంటింతురు. తొలగింపవలసిన ప్రతి భాగమునందును బరమాతో నొక రంధ్రము వేసి, బ్లేడు యొక కొన నూడదీసి ఆ రంధ్రమున దూర్చి మరల బిగించి, గీత వెంబడి కోయుదురు. లోపలి భాగములను ముందుగా గోసి, వెలుపలి యంచును చివరకు గోయవలెను. తొందరపడి యంచును ముందు గోసినచో పట్టుకొనుటకు జోటు లేక పలక విఱుగును. పూర్వము చేతితో నడిపిన యీ రంపమును తరువాత కుట్టుమిషనువలె కాలితో ద్రొక్కి నడపిరి. నేడు విద్యుచ్ఛక్తితో నడచుచున్న యంత్రమును స్క్రోల్ సా యని పిలుతురు. అందు బ్లేడు తన చోటనే పైకి క్రిందికి నాడుచుండును. పలకను చేతులతో త్రిప్పుచు గోయవలెను.

ఉలిపనికిని దీనికిని నొక గొప్ప భేదము గలదు. ఉలితో జెక్కువాడు పని నడుమ తన యూహను మార్చుకొనవచ్చును. ఒక యాకు లోతు తగ్గినచో మఱియొక దెబ్బ వేయవచ్చును. రంపము కోసిన గీతను మరల నతికింప వీలు లేదు. ఒక రేకకును మఱియొక రేకకును నడుమ ఎంత చెక్క మిగులవలెనో, సన్నని కాడ చెక్కనారకు అడ్డముగా బడి విఱుగకుండుట కేమి చేయవలెనో, తీగెను తీగె యెక్కడ నంటి నిలుపవలెనో, ఇదియంతయు రంపమును జేతబట్టకముందే కాగితముపై నిర్ణయింపబడి యుండవలెను. కావున జాలీపనిలో సగము బుద్ధి నమూనాలోనే యున్నది. నమూనా గలవాడు ఓర్పుతో నభ్యసించినచో పనివాడగును. నమూనా లేనివాడు ఎంత చేయితిరిగినవాడైనను మొదటినుండి వెదకికొనవలసినవాడే.

మఱియొక విశేషము. పలుచని పలకలను నాలుగైదింటిని ఒకదానిపై నొకటి పేర్చి చిన్న మేకులతో బిగించి, పై పలకపై నొక్క నమూనా నంటించి కోసినచో, ఒక్క కోతలో నన్ని పలకలును దీరును. నమూనా యొక్కటి, ఫలము లైదు. ఈ మాటను చదువరులు మనసున నుంచుకొన గోరెదను.

విశాఖపట్టణపు దంతపుపని

తెలుగుదేశమున సన్నని కోతపనికి దేశాంతర కీర్తిని దెచ్చినది విశాఖపట్టణము. ఆంగ్లేయ వర్తక సంఘమువారు 1682లో నచట గిడ్డంగి నెలకొల్పిరి. ఆ శతాబ్ది చివరి భాగము మొదలు అచటి పనివారు ఐరోపీయులకు గావలసిన పెట్టెలను, బల్లలను, కుర్చీలను జిట్టేగి మొదలగు నల్లని కఱ్ఱలతో జేసి, వానియందు దంతపు ముక్కలను బొదిగి, ఆ దంతముపై సన్నని గీతలు చెక్కి నల్లని లక్క నింపుచు వచ్చిరి. ఈ పనివారు కంసాలులని యాంగ్లేయ రచయితలు వ్రాసియున్నారు. ఎడ్గర్ థర్స్టను 1901లో దక్షిణ హిందూస్థానపు దంతపు పనిని గూర్చి ప్రత్యేకముగా నొక గ్రంథమును బ్రకటించెను.

వారి నమూనాల రాకపోకలను గమనింపుడు. తొలినాటి పెట్టెల యంచులపై గనబడు పూలతీగెలు మన తీరమున దయారగుచుండిన అద్దకపు వస్త్రములమీది పూలతీగెలకు దోబుట్టువులు. అనగా సాలెవాని గుడ్డపై అద్దకపువాడు వ్రాసిన తీగె కంసాలి పెట్టెపై బ్రాకినది. అటుపిమ్మట 18వ శతాబ్ది యుత్తరార్ధమున గంధపుచెక్క పెట్టెలకు దంతపు రేకులను నిండుగ దాపి, వానిపై మేడలు, తోటలు, చెట్లు చెక్కుట యాచారమయ్యెను. ఆ మేడలలో బెక్కులు సీమనుండి వచ్చిన యచ్చుబొమ్మలను జూచి చెక్కినవి. 19వ శతాబ్దిలో దుప్పికొమ్ము, దున్నకొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముళ్లు మొదలగువానితో పెట్టెలను జేసి, సన్నని రంపముతో దొలిచిన దంతపు జాలీ పలకలను వానిపై నతికించిరి. మన దేశమున జాలీ రంపపు పని యొక్క పరమావధిని జూడ గోరువారు ఆ పెట్టెలను జూడవలయును.

కాని యెక్కడ జూతురు? లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో జూడవచ్చును. ఇతర ఖండాంతర సంగ్రహములలో జూడవచ్చును. వానిని జేయించుకొన్న దొరల పేర్లు కొన్నిట నున్నవి. చేసినవాని పేరు కానరాదు. చేసినవాని నమూనా కాగితము అంతకంటెను గానరాదు.

ఆ పని యేల యడుగంటినదని యడుగుదురేని, కారణములు పెక్కు. గొనువారి యభిరుచి మారినది, దంతము ప్రియమైనది. తుదకు దంతమే నిషేధింపబడినది. 1972 సంవత్సరపు వన్యప్రాణి రక్షణ చట్టమునకు 1986లో జేసిన సవరణచే హిందూదేశపు దంతపు వ్యాపారమును, 1991లో జేసిన సవరణచే ఆఫ్రికా దంతపు వ్యాపారమును మన దేశమున నిలిపివేయబడినవి. ఏనుగులు బ్రతుకవలెనన్న ఇది న్యాయమే. ఇందుకు మనము వగవ బనిలేదు. వగవవలసిన దేమనగా, దంతముతోబాటు నమూనా చచ్చుట. దంతము లేకున్నను టేకు గలదు, గంగరావి గలదు, వేప గలదు. ఆ తీగె కాగితముపై నుండినయెడల నీ పాటికి వేయి గడపలపై బ్రాకియుండెడిది. పదార్థము పోయినను నమూనా యున్నచో విద్య బ్రతుకును. నమూనా పోయిన పిమ్మట పదార్థ మెంత యున్నను విద్య మరల పుట్టవలసినదే.

పరదేశముల వృత్తాంతము

ఇక పరదేశముల సంగతి. పారిస్ నగరమున పదునాలుగవ లూయీ రాజు కొలువులో ఆంద్రే షార్ల్ బూల్ (1642–1732) అను వడ్రంగి యుండెను. ఇత్తడి రేకును, తాబేటిచిప్ప పలకను ఒకదానిపై నొకటి పేర్చి సన్నని రంపముతో నొక్కసారిగా గోయుట యతని పద్ధతి. కోసిన పిమ్మట చిప్పలో నిత్తడి పూవు నమర్చినచో నొక పలక. ఇత్తడిలో చిప్పపూవు నమర్చినచో మఱియొక పలక. ఒక్క నమూనాకు, ఒక్క కోతకు రెండు ఫలములు; ఏ ముక్కయు వ్యర్థము కాలేదు. ఆ పద్ధతికి నేటికిని అతని పేరే నిలిచియున్నది.

బూల్ రాజునకు బని చేసినవాడు. సామాన్యుల యిండ్లలోనికి జాలీ రంపము వచ్చినది 19వ శతాబ్దిలో. అమెరికాలో ఇలినాయి రాష్ట్రమున రాక్‌ఫర్డు పట్టణమందలి బార్న్స్ సోదరుల కార్ఖానా 1870 దశకమునుండి కాలితో ద్రొక్కు రంపపు యంత్రములను జేసి యమ్మినది. ఇంగ్లండులో నార్ఫోకు మండలమున డెరెహాం అను చిన్న యూరినుండి నడచిన హాబీస్ సంస్థవారు 1895లో ఆ పేరనే యొక వారపత్రికను బ్రారంభించిరి. పత్రికతోబాటు జాలీపని నమూనా పటములను ఉచితముగ నిచ్చుచుండిరి. గుమాస్తా, బడిపంతులు, పాఠశాల విద్యార్థి, రైల్వే ఉద్యోగి, వీరు కులమున వడ్రంగులు కారు. పని ముగించి యింటికి వచ్చి రాత్రి దీపము ముందు గూర్చుండి వినోదార్థము గోయువారు. ఆ పటముల నంటించి గడియారపు గూడులను, పటముల చట్రములను, పుస్తకపు బీరువాలను దీర్చిరి. తాము గోసినదాని కాగితమును పొరుగువాని కిచ్చిరి; అతడు వ్రాసినదానిని తాము బుచ్చుకొనిరి.

ఇందులో బుద్ధిమంతులు గమనింపవలసిన విషయ మొకటి గలదు. పటములను దానము చేసిన యా సంస్థ దివాలా తీయలేదు. పటము నందుకొన్నవాడు రంపమును గొనవలెను, బ్లేడులను గొనవలెను, పలుచని పలకలను గొనవలెను. అవి యన్నియు నా సంస్థయే యమ్ముచుండెడిది. నమూనా విత్తనము వంటిది; చల్లినవానికే పంట. కోయనేర్చిన గుమాస్తా మంచి పనికిని చెడ్డ పనికిని భేదము నెఱిగినవాడై, మంచి వడ్రంగికి దగిన కూలి నిచ్చుటకు వెనుదీయడు. స్వయముగా నొక పూరేకను గోసి విఱుగగొట్టుకొన్నవానికి పనివాని చేతి విలువ దెలియును. అభ్యాసకులు పెరిగినచో వృత్తివాని యన్నము తఱుగునను భయ మీ చరిత్రమునుబట్టి నిరాధారము.

మన దేశమున

మన దేశమున నమూనాలను బంచుట లేకపోలేదు. సంక్రాంతి నెలలో మన యాడుబిడ్డల వాకిళ్లను జూడుడు. ఒక యింటి ముగ్గును పొరుగింటి పడుచు చుక్కలు లెక్కించికొని మరునాడు తన వాకిట దీర్చును. చిన్న పుస్తకములుగ నచ్చయి యంగళ్లలో నమ్మబడును. ముగ్గును దాచుకొన్న యిల్లాలిని మన మెఱుగము. అందుచేతనే ఏ రాజపోషణమును, ఏ బడియు లేకయే ముగ్గువిద్య తరతరములుగ నశింపక నిలిచినది.

మన శాస్త్రములును వ్రాతవలననే బ్రతికినవి. టి. గణపతిశాస్త్రిగారు 1919లో తిరువనంతపురమున మయమతమును, 1924–25లో బరోడా గ్రంథమాలయందు భోజరాజ కృతమైన సమరాంగణసూత్రధారమును అచ్చు వేయించిరి. ఎవరో లేఖకుడు తాటాకుపై నెత్తి వ్రాయుటచే గదా వారికి మాతృకలు దొరకినవి! కాని శాస్త్రము కొలతలను జెప్పును, తాళమానమును జెప్పును. మన యూరి తలుపు కమ్మిపై బ్రాకిన తీగె యెక్కడ వంగినదో చెప్పదు. దానికి పటమే కావలెను. జయపుర సంస్థానమున ఇంజనీరుగా నుండిన స్వింటన్ జేకబు దొర, మహారాజు సవాయి మాధోసింగు పోషణమున, 1890 మొదలు జయపుర వాస్తుపటముల సంపుటములను బ్రకటించెను. ఆ ప్రాంతపు జాలీలను, కమానులను, తలుపులను కొలతలతో వ్రాసి, విడివిడి పత్రములుగ ముద్రించిరి. పుస్తకముగ గుట్టక విడిగా నుంచుట యేలనగా, పనివాడు తనకు గావలసిన పత్రమును దీసికొని పనిచోట నెదుట బెట్టుకొనుట కనుకూలముగ నుండుటకే. పటములను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులే.

మన తెలుగు సీమ తలుపుల కట్టి పత్రము లెందరి యిండ్ల నున్నవి? పాత లోగిలిని బడగొట్టునప్పుడు ద్వారబంధము నెవరో పట్టణపు వ్యాపారి కొనిపోవుటయో, కొనువాడు లేకున్న వంటచెఱకగుటయో మన మెల్లరము జూచుచున్నదే. పడగొట్టుటకు ముందు ఒక్క గడియ నిలిచి, కాగితమును బరచి బొగ్గుతో రుద్ది యచ్చు దీసికొన్నవా రెందఱు?

దాచుటకు గల కారణము

మన పెద్దలు నమూనాలను దాచినది లోభముచేత నని నే ననను. వారికి భూములు లేవు, వతనులు కొద్ది, చేతి విద్యయే యాస్తి. తండ్రి కొడుకునకు, మామ యల్లునకు నిచ్చు కట్నము కొన్ని గీతలే. దానిని పదిమందిలో బెట్టినచో రేపటి కూడు పొరుగువాని కంచమున బడునను భయము సహజము. నేడును ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. కంప్యూటరుచే నడచు సి.ఎన్.సి. యంత్రమున నొక్క పటము నెక్కించినచో అది వేయి పలకలను దొలిచిపెట్టును; కోసినవానికి కృతజ్ఞత యుండదు, పటము వ్రాసినవానికి పైస రాదు.

ఈ భయమునకు మందు దాచుట కాదు, చట్టము నెఱుగుట. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము ప్రకారము, క్రొత్తగా దాను గల్పించిన యాకృతిని నమోదు చేయించుకొన్నవానికి 10 ఏండ్ల హక్కును, కోరినచో మఱి 5 ఏండ్ల పొడిగింపును గలవు. కాని నమోదునకు ముందే దానిని లోకమునకు వెల్లడించినచో ఆ హక్కు దొరకదు. కావున సొంత కల్పన గలవాడు ముందు నమోదు చేయించి, పిమ్మటనే ప్రదర్శింపవలెను. 1999లో శాసనమై 2003లో నమలునకు వచ్చిన భౌగోళిక సూచికల చట్టముచే కొండపల్లి బొమ్మలకు, నిర్మల బొమ్మలకు, ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఊరి పేరుపై రక్షణము గలిగినది. ఈ రెండును క్రొత్త సొత్తునకును, ఊరి పేరునకును గావలి. తాతలనాటి సామాన్య నమూనా మన యందఱి యుమ్మడి సొత్తు. దానిని దాచినందువలన నెవనికిని హక్కు రాదు, చెదలకు మాత్రము వచ్చును.

మఱియు యంత్రము తనంత దాను నమూనాను గల్పింపదు. దేనిని బెట్టిన దానిని గోయును. మన పటములు దానికి దొరకకున్నచో పరదేశపు పటములను గోయును. నేడు మన పట్టణములందలి పూజగదుల తలుపులపై, మేడల ముంగిళ్లపై గనబడు జాలీలలో మన తీగె యెంత, ఎక్కడినుండియో వచ్చిన తీగె యెంతయని చూచినచో నా మాట బోధపడగలదు. యంత్రము మనలను మ్రింగునని భయపడుటకంటె, అది మన భాష మాటాడునట్లు చేయుట మేలు.

చేయదగిన పని

కావున సోదరులకును, సంఘ పోషకులకును నా విన్నపము లివి. మొదటిది, ఎవరి యింట పాత నమూనా కాగితములు, రేకు అచ్చులు, పెద్దలు పలకలపై గీసికొన్న కొలతలు గలవో వారు వానిని పాఱవేయక, నకలు వ్రాయించి సంఘమున కీయవలెను. అసలు వారియొద్దనే యుండవచ్చును. రెండవది, ఊరిలో పాత ద్వారబంధమునుగాని, గవాక్షమునుగాని, రథపు పలకనుగాని తొలగించునపుడు అచ్చు దీసికొని, దానిపై ఊరి పేరు, కఱ్ఱ పేరు, పలక మందము, పొడవు వెడల్పులు, చేసిన యింటి పేరు తెలిసినచో నదియు వ్రాయవలెను. పేరు లేని పటము సగము పటమే. మూడవది, సంఘము వీనిని జయపుర పద్ధతిని విడి పత్రములుగ ముద్రించి, పనివారికేగాక పాఠశాలలకును, వినోదార్థము రంపము బట్టు ఉద్యోగులకును, ఏ కులమువారికైనను నీయవలెను. ప్రతిఫలముగ నొక్కటియే కోరవలెను: దానినిబట్టి తాము గోసినప్పుడు చేసిన మార్పులను, విఱిగిన చోట్లను వ్రాసి తిరిగి పంపవలెను. అట్లు తిరిగి వచ్చిన పటము పోయినదానికంటె మేలైనదై వచ్చును.

పోషకులు కళ్యాణమంటపములకు, సత్రములకు విరాళము లిచ్చుచున్నారు, అది పుణ్యకార్యమే. ఒక్క మంటపపు తలుపుల వ్యయముతో నూరు నమూనాలను ముద్రింపవచ్చునని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాను. మంటపమున కొక్క తలుపు. పటమునకు నూరు తలుపులు.

విశాఖపట్టణపు పనివాని తీగె సముద్రములు దాటి యద్దాల బీరువాలో జేరినది. దానిని జూచుటకు మన పిల్లవాడు దూరదేశమునకు బోవలసియున్నది. ఇబ్రహీంపట్నపు వడ్రంగి నేడు గోయుచున్న తీగె కట్టి గతి పట్టకూడదు. పలకలను బేర్చి కోసినపుడు ఒక్క గీత యైదింటికి వచ్చునని మొదట మనవి చేసితిని. అడుగున నున్న పలక పైపలక భాగము నపహరించినది కాదు. రెంటికిని పూవు నిండుగనే దీరినది. నమూనా దానమును నట్టిదే. తాళము వేసిన పెట్టెలను దెఱచి సోదరులు ఈ కార్యమునకు బూనుకొందురుగాక!